మిషనుకు కుట్టిన పరదా

(సంఘం వార్షిక సమావేశం, మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి "అమ్మా, ఈసారి మీరు కుట్టుపని గురించి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. జాకెట్లు, ఫ్రాకులు కుట్టే సంగతి ఇక్కడి ఆడవాళ్లకు నేను చెప్పేదేముంది అన్నాను. "జాకెట్ల సంగతి వద్దు. మీ ఆయన షెడ్డులో మిషనుకు కుట్టిన పరదా సంగతి చెప్పండి" అన్నారు. అప్పుడు ఒప్పుకున్నాను. ఆ పరదా మా ఆయన ఊపిరి కోసం కుట్టాను. ఇక్కడ కూర్చున్న వారిలో ఇంకో పది ఇండ్లకైనా అది పనికొస్తుందని నా ఆశ.

మాది దూదేకుల ఇల్లు. మా వాళ్లను ఒక చోట దూదేకుల అంటారు, ఒక చోట పింజారి అంటారు, ఇంకో చోట లద్దాఫ్, నూర్‌బాషా అంటారు. 1970లో ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల జాబితా వెలువడినప్పుడు ఈ పేర్లన్నీ ఒకే వరుసలో రాసి 'బి' గ్రూపులో చేర్చారు. పేర్లు ఎన్నున్నా పని ఒక్కటే. పత్తిని ఏకడం, ఏకిన దూదితో పరుపు, మెత్త, రజాయి చేయడం. అరబీలో దూదేకే మనిషిని నద్దాఫ్ అంటారు, హల్లాజ్ అని కూడా అంటారు. 922లో బాగ్దాదులో మరణశిక్ష పొందిన సూఫీ మన్సూర్ పేరులో ఉన్న హల్లాజ్ ఆ మాటే. మన తెలుగునాట బుర్రకథ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. చేసుకొని బతికే పని పేరును దాచుకోవలసిన అవసరం ఎవరికీ లేదని చెప్పడానికే ఇదంతా.

నా పుట్టిల్లు కోరుట్ల. మా అమ్మ పగలు బీడీలు చుట్టేది, రాత్రి కుట్టు మిషను తొక్కేది. కుట్టుపని నాకు ఆమె దగ్గరే అబ్బింది. 1991లో పెండ్లయి ఆదిలాబాదు వచ్చాను. ఆదిలాబాదు చలి సంగతి మీకు తెలియంది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని ఏండ్లు ఐదారు డిగ్రీలకు దిగుతుంది. చుట్టూ నల్లరేగడి భూములు, పత్తి చేన్లు. చలి, పత్తి రెండూ ఉన్న చోట దూదేకేవానికి పని కొదువ ఉండదు. మగవాళ్లు ఏకడం, ఆడవాళ్లం దబ్బనం పట్టి రజాయికి టాకాలు వేయడం, ఇదీ మా ఇంటి కార్ఖానా.

మా మామ గారు అప్పటికి ఇంకా విల్లుతోనే ఏకేవారు. మనిషంత పొడుగు విల్లు, దానికి బిగించిన నరపు తాడు, కొట్టడానికి చేతిలో కొయ్యగుండు. ఆ విల్లు భుజాన వేసుకొని ఊర్లు తిరిగేవారు. తాడు మీద గుండు దెబ్బ పడితే 'తుంయ్' మని మోగేది. ఆ చప్పుడుకు ఇండ్లలోంచి పాత పరుపులు బయటికి వచ్చేవి. ఒక పరుపు ఏకేసరికి ఆయన మీసాలు, కనురెప్పలు తెల్లబడేవి. పిల్లలు చూసి నవ్వేవారు, ఆయనా నవ్వేవారు.

ఆయన దగ్గర ఒక విచిత్రం ఉండేది. శుక్రవారం జుమా కాబట్టి పని బంద్. శనివారం పొద్దున హుషారుగానే పనికి కూర్చునేవారు. మధ్యాహ్నం దాటేసరికి విల్లు గోడకు ఆనించి గడప మీద కూర్చుండిపోయేవారు. "ఛాతీ మీద బండ పెట్టినట్టుందమ్మా" అనేవారు. ఆదివారం కొంచెం నయం. సోమ, మంగళవారాలకు మామూలు మనిషి. ఇంట్లో అందరం "సెలవు రుచి మరిగి శనివారం ఒళ్లు వంగదు" అని ఎగతాళి చేసేవాళ్లం. కొత్త కోడలిని, నేనూ నవ్వాను. తర్వాత తర్వాత ఆయనకు వారమంతా శనివారమే అయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. టీబీ అనుకున్నాం. తెమడ పరీక్ష చేయిస్తే అందులో ఏమీ లేదన్నారు. 1998లో ఆయన దమ్ముతోనే పోయారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

2004లో మా ఆయన ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసి దూది మిషను పెట్టారు. మేకులు దిగ్గొట్టిన ఇనుప డ్రమ్ము, మూడు హార్సు పవరు మోటారు, బెల్టు. ఒక దిక్కు పత్తి పెడితే ఇంకో దిక్కు దూది ఎగిరి పడుతుంది. విల్లుతో రోజంతా చేసే పని గంటలో అయిపోతుంది. మేమంతా సంతోషపడ్డాం. అయితే రోజంతా లేవవలసిన దుమ్ము కూడా ఆ గంటలోనే లేస్తుందని అప్పుడు తోచలేదు. కొత్త పత్తి కొంత నయం. పాత పరుపు విప్పి మిషనులో వేస్తే పదేండ్ల దుమ్ము ఒక్కసారే లేస్తుంది. రేకుల సందులోంచి ఎండ పట్టీలాగా పడేది. ఆ పట్టీలో చూస్తే గాలి కంటికి కనిపించేది. అంత చిక్కని గాలి.

2015 చలికాలంలో మా ఆయన కూడా శనివారం మధ్యాహ్నం మిషను ఆపి గడప మీద కూర్చున్నారు. "ఛాతీ పట్టేసినట్టుంది" అన్నారు. ఆ మాట వినగానే నాకు మా మామ గారు యాదికి వచ్చారు. మా అత్తమ్మ "నజర్ తగిలింది" అంది. ఎవరో "శనివారం కదా, శని" అన్నారు. తావీదు కట్టించాం. దర్గాకు పోయి దువా చేయించాం. దువాను నేను కాదనను. అయితే ఒంటెను ముందు కట్టేసి తర్వాత అల్లాహ్ మీద భరోసా ఉంచమని మన ప్రవక్త (స) నేర్పిన సంగతి మనం మరవకూడదు. దువాతో పాటు దవా కూడా కావాలి.

చాలా చోట్ల తిరిగాం. దగ్గు మందులు, సూదులు అయినాయి. చివరికి ఒక డాక్టరు గారు మందు రాయకముందే రెండు ప్రశ్నలు అడిగారు. "ఏం పని చేస్తవు? వారంలో సెలవు ఎప్పుడు?" మా ఆయన చెప్పారు. "సెలవు మరునాడే ఎక్కువ బాధ ఉంటదా?" అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గొట్టంలోకి గట్టిగా ఊదించి ముల్లు ఎంతవరకు కదిలిందో చూసే చిన్న సాధనం ఉంటుంది, దాన్ని పీక్ ఫ్లో మీటరు అంటారు. అది ఇచ్చి, రెండు వారాలు రోజూ పనికి ముందొకసారి, పని తర్వాతొకసారి ఊది రాసుకు రమ్మన్నారు. శుక్రవారం ముల్లు బాగా పోయేది. శనివారం సాయంత్రం కిందికి దిగేది. ఆ కాగితం చూసి ఆయన "ఇది పత్తి దుమ్ము జబ్బు. దీని పేరు బిసినోసిస్" అన్నారు.

ఈ జబ్బు మన ఒక్క ఊరిది కాదు. 1700లోనే ఇటలీలో రమజ్జినీ అనే వైద్యుడు జనపనార, అవిసెనార ఏకే వాళ్ల దగ్గును గురించి రాశాడు. 1877లో ఫ్రాన్సు వైద్యుడు ప్రూస్ట్ దీనికి బిసినోసిస్ అని పేరు పెట్టాడు. 1950లలో ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల్లో షిల్లింగ్ అనే డాక్టరు పనివాళ్లను పరీక్షించి, సోమవారం నాడు ఛాతీ పట్టడాన్ని బట్టే జబ్బు ఏ మెట్టు మీద ఉందో లెక్క కట్టాడు. వాళ్లకు ఆదివారం సెలవు, కాబట్టి సోమవారం బాధ. మనకు శుక్రవారం సెలవు, కాబట్టి శనివారం బాధ. అంతే తేడా. ఇందులో నజరూ లేదు, శనీ లేదు.

డాక్టరు గారు చెప్పింది నాకు అర్థమైన మేరకు చెబుతాను. పత్తి కాయ చుట్టూ ఆకుపొరలు ఉంటాయి. అవి ఎండి, నలిగి, పొట్టయి పత్తిలో కలుస్తాయి. ఆ పొట్టు మీద సూక్ష్మక్రిములు ఉంటాయి. వాటి విషపదార్థం దుమ్ముతో పాటు లోపలికి పోయి ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. మొదట్లో ఇది సెలవు మరునాడు మాత్రమే వచ్చిపోతుంది. దుమ్ము మానితే తగ్గుతుంది కూడా. ఏండ్ల తరబడి పట్టించుకోకపోతే వారమంతా ఉంటుంది, పోయిన ఊపిరి తిరిగి రాదు. బీడీ, సిగరెట్టు తోడైతే ఇంకా తొందరగా ముదురుతుంది. ఇది అంటురోగం కాదు. కాని టీబీ కూడా దగ్గుతోనే మొదలవుతుంది కాబట్టి తెమడ పరీక్ష మాత్రం తప్పకుండా చేయించుకోవాలి.

అమెరికాలో 1978లో పత్తి దుమ్ము ఇంతకు మించరాదని ప్రభుత్వం హద్దు పెట్టింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం జాబితాలో కూడా ఈ జబ్బు పేరు చేర్చారు. వస్తే సర్కారుకు తెలపాలని రాశారు. అయితే కరెంటు మిషను ఉన్న చోట పది మంది పనివాళ్లు ఉంటేనే ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ అయ్యేది. ఒక మనిషి, ఒక మిషను, ఒక రేకుల షెడ్డు దాని లెక్కలోకి రాలేదు. మన షెడ్డుకు ఇన్‌స్పెక్టరు రాడు. మన షెడ్డుకు ఇన్‌స్పెక్టరు ఇంటి ఇల్లాలే.

"పని మానెయ్యి" అన్నారు డాక్టరు గారు. "మానితే తినేదేంది సాబ్" అన్నారు మా ఆయన. ఇద్దరి మాటా నిజమే. అప్పుడాయన "అట్లయితే దుమ్మును బయటికి పంపే ఉపాయం చూడు, బీడీ ఈ రోజే పారెయ్యి" అన్నారు. బీడీ పారేశారు. అది సగం గెలుపు. గోడకు 18 అంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాం. దుమ్ము గల్లీలోకి పోయింది. ఎదురింటి వాళ్ల ఆరేసిన బట్టలు, వెనకింటి వాళ్ల వడియాలు తెల్లబడ్డాయి. తిట్లు మొదలైనాయి. వాళ్ల తప్పేం లేదు, మా ఊపిరి కోసం వాళ్ల ఊపిరి చెడగొడితే ఏం ధర్మం? ఫ్యాను బంద్ చేశాం. మళ్లీ షెడ్డులో ఆ చిక్కని గాలే.

అప్పుడు నాకు తోచింది, ఫ్యానుకు బయటి దిక్కున గుడ్డ సంచి తొడిగితే గాలి పోతుంది, దుమ్ము నిలుస్తుంది కదా అని. పిండి గిర్నీలో గుడ్డ గొట్టం కట్టడం మనం చూడలేదా? గట్టిగా ఉండాలని మందపాటి డ్రిల్లు గుడ్డ తెచ్చాను. నాలుగడుగుల పొడుగు. దుమ్ము ఎక్కడా కారకుండా రెండు పొరలు వేసి కుట్టాను. ఫ్యాను వేస్తే సంచి బెలూను లాగా ఉబ్బింది. పది నిమిషాలకు ఫ్యాను ఎదురు తన్నింది. దుమ్మంతా లోపలికే తిరిగి వచ్చి మా ఆయన మొహాన పడింది. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

మా తమ్ముడు సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పండుగకు వచ్చినప్పుడు ఆ సంచి చూసి నవ్వాడు. "అక్కా, మా ఫ్యాక్టరీలోనూ దుమ్ము పట్టేది గుడ్డ సంచులే. కాని నువ్వు ఊపిరాడని సంచి కుట్టినవ్. మందం తగ్గించు, వెడల్పు పెంచు. గాలికి తొవ్వ ఎంత ఎక్కువుంటే అంత మెల్లగ పోతది. మెల్లగ పోతేనే దుమ్ము నిలుస్తది" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది నాకు చాలా నచ్చింది. "కొత్త గుడ్డ దుమ్మును సరిగ ఆపదు. మొదలు కొంత దుమ్ము గుడ్డ మీద పొరలాగ పడుతది. తర్వాత వచ్చే దుమ్మును ఆపేది ఆ పొరే. అందుకే సంచిని రోజూ మెల్లగ దులుపాలె, బండకేసి ఉతకద్దు" అన్నాడు.

2018 చలికాలం ముందు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి రెండు వస్తువులు కుట్టాను. ఒకటి, మిషనులోంచి దూది పడే చోట నాలుగు దిక్కులా, పైనా మూసి ఉండే గుడ్డ గది. పెద్ద దోమతెర అనుకోండి. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు, ఆరడుగుల ఎత్తు. దూది అందులోనే పడుతుంది, దుమ్ము షెడ్డంతా తిరగదు. రెండోది, ఆ గదిలోని గాలిని ఫ్యాను లాగి బయటికి తోస్తే ఆ గాలిని పట్టే సంచి. దానికి నమూనా ఎక్కడ దొరుకుతుందని వెతికితే ఇంట్లోనే దొరికింది. పైజామా. నడుము ఫ్యాను చుట్టూ, రెండు కాళ్లు కిందికి. ఫ్యాను చుట్టుకొలత ఐదడుగులకు కొంచెం తక్కువ, కాబట్టి నడుము ఐదడుగులు. ఒక్కో కాలు ఎనిమిదడుగుల పొడుగు, ఐదడుగుల చుట్టు. ఈ రెండు కాళ్లు కలిసి ఎనభై చదరపు అడుగులు. మొదటి సంచి కంటే చాలా ఎక్కువ తొవ్వ.

గుడ్డ సంగతి. మా అన్న సిరిసిల్ల నుంచి లంగాలకు వాడే నూలు కోరా గుడ్డ తెచ్చాడు, మీటరు పన్నా. మొత్తం 26 మీటర్లు పట్టింది. పాలిస్టరు చౌకగా వస్తుంది, కాని రాపిడికి చిటపటలాడుతుంది, నూగు అతుక్కుంటుంది. దూది దగ్గర ఆ చిటపట మంచిది కాదు. కోరా గుడ్డను ముందు వేడినీళ్లలో నానబెట్టి ఉతకాలి. గంజి పోతే నేత విచ్చుకొని గాలి ఆడుతుంది. కుంచించుకునేది కూడా అప్పుడే కుంచించుకుంటుంది. ఉతకకుండా కుడితే మొదటి వానకు పైజామా పొట్టిదవుతుంది.

ఒక పన్నాతో ఐదడుగుల చుట్టు రాదు, ఒకటిన్నర పన్నా కావాలి. అతుకులన్నీ చొక్కా పక్కల వేసే మడత కుట్టుతో, రెండు వరుసలు వేశాను. మామూలు కుట్టయితే సూది రంధ్రాల్లోంచి సన్న దుమ్ము కారుతుంది. మడతలు బయటి దిక్కే ఉంచాలి, లోపల ఉంటే నూగు పట్టి గుత్తులు కడుతుంది. రెండు కాళ్లు కలిసే చోట గాలి దెబ్బ ఎక్కువ. మొదటి వారంలో అక్కడే చినిగింది. అప్పుడు మన పెద్దవాళ్లు పైజామాకు మియానీ ఎందుకు పెట్టారో అర్థమైంది. అక్కడ నాలుగు పలకల మియానీ వేశాను, మళ్లీ చినగలేదు. నడుముకు నేఫా, అందులో నాడా. ఫ్యాను చుట్టూ ఇనుప రింగు పెట్టించి నాడా బిగించాం. కాళ్ల కింద పోంచాలకు కూడా నాడాలే. సాయంత్రం నాడా విప్పితే దుమ్ము కింది గోనెసంచిలో పడుతుంది. గుడ్డ గదికి ఎక్కడా గుండీలు పెట్టలేదు, అన్నీ గుడ్డ కట్లే. గుండీ ఊడి దూదిలో పడి, ఆ దూది రెండోసారి మిషనులోకి పోతే నిప్పురవ్వ లేచే ప్రమాదం ఉంది.

నేను వాకిట్లో చాప వేసుకొని ఆ ఎనిమిదడుగుల కాళ్లు కుడుతుంటే గల్లీ గల్లీ అంతా వచ్చి చూసింది. పక్కింటావిడ "క్యా సీరే భాభీ, హాథీ కా పైజామా?" అంది. మా ఆడపడుచు గుడ్డ గదిని చూసి "వదినె మిషన్‌కు బురఖా కుడ్తున్నది" అంది. ఆ పేరే నిలిచిపోయింది. మా ఆయనకు మాత్రం నామోషీ. "గిరాకీ వచ్చి చూస్తే ఏమనుకుంటరు? పైజామా ఏలాడదీసిన దుకాణం అంటరు" అని రెండు వారాలు కట్టనివ్వలేదు. ఆఖరికి నేను "నవ్వేటోళ్లు నవ్వని. దమ్ము మీది కదా" అన్నాను. ఇంకేమీ అనలేదు. మరునాడు తనే నిచ్చెన తెచ్చారు.

మొదటి రోజు ఫ్యాను వేస్తే రెండు కాళ్లు నిండుకొని, మెల్లగా ఊగి నిలబడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండు పాత పరుపులు ఏకినాం. సాయంత్రం పోంచా విప్పితే ఒక్కో కాలిలోంచి బకెట్టుకు తక్కువ కాని నల్లటి పొట్టు, నూగు, మట్టి పడింది. అంతా చూసి మా అత్తమ్మ "ఇదంతా నా కొడుకు రోజూ మింగుతుండెనా?" అంది. ఎవరమూ జవాబు చెప్పలేదు. రేకుల సందులోంచి పడే ఎండ పట్టీలో చూశాను. దుమ్ము లేకపోలేదు, కాని పట్టీకి అవతల ఉన్న గోడ కనిపించింది.

ఇక ఈ పరదా చేయలేని పనుల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. విని సగం చేస్తే మేలు కంటే కీడు ఎక్కువ కావచ్చు.

మొదటిది, ఊపిరితిత్తుల లోతుకు పోయేది కంటికి ఆనని సన్న దుమ్ము. అది గుడ్డలోంచి కొంత దాటిపోతుంది. కాబట్టి సంచి షెడ్డు లోపల వేలాడకూడదు, బయట రేకు చూరు కింద ఉండాలి. షెడ్డు లోపల మిషను నడిచినంత సేపూ ఎన్-95 మాస్కు కట్టుకోవాలి. మూతికి రుమాలు కడితే పీచు ఆగుతుంది, సన్న దుమ్ము ఆగదు. 2020లో కరోనా వచ్చినప్పుడు నేను గుడ్డ మాస్కులు చాలా కుట్టి పంచాను. దూది షెడ్డుకు మాత్రం అవి చాలవు.

రెండవది, నిప్పు. దూది, గాలి, మోటారు ఒక్క చోట ఉన్నాయి. పాత పరుపు విప్పగానే చేత్తో తడిమి సూదులు, మేకులు, రూపాయి బిళ్లలు తీసేయాలి. ఇనుప డ్రమ్ముకు ఇనుము తగిలితే రవ్వ లేస్తుంది. ఫ్యానుకు లోపలి దిక్కున దోమల జాలీ బిగించాలి, పీచు ఫ్యాను మోటారుకు చుట్టుకోకుండా. జాలీ మీద పేరుకున్న పీచును మిషను ఆపి దులపాలి. స్విచ్చి చేతికి అందే చోట ఉండాలి. రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్టు ఇసుక ఎప్పుడూ ఉండాలి. రాత్రికి కాళ్లలో పొట్టు ఉంచి పడుకోకూడదు.

మూడవది, సంచి దులిపే పని. మగవాళ్లు "అది నీ సంచి, నువ్వే దులుపు" అంటారు. దులిపేటప్పుడు లేచే దుమ్ము ఆడవాళ్ల ఊపిరిలోకి పోతుంది. మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. దులిపేవాళ్లకు మాస్కు ఉండాలి, గాలికి ఎదురుగా నిలబడకూడదు, కింద గోనెసంచిలో ముందే నీళ్లు చల్లి ఉండాలి, చిన్నపిల్లలు దగ్గరికి రాకూడదు. తడిసిన పొట్టు పెంటకుప్పలో వేస్తే ఎరువవుతుంది. కాళ్లు ఏడాదికొకసారి మారుస్తాను. గుడ్డ గది మూడేండ్లు వచ్చింది.

మా ఆయన సంగతి అడుగుతారేమో. జబ్బు పోయిందని చెప్పను. డాక్టరు గారు ముందే చెప్పారు, పోయిన ఊపిరి తిరిగి రాదని. మెట్లెక్కితే ఇప్పటికీ ఆగుతారు. కాని శనివారం మధ్యాహ్నం మిషను ఆపి గడప మీద కూర్చోవడం తగ్గింది. గొట్టం ఊదితే ముల్లు మునుపటి లాగా కింద పడటం లేదు. ఉన్నది నిలిచింది. పదేండ్ల ముందే ఈ గుడ్డ కుట్టి ఉంటే ఇంకా ఎక్కువ నిలిచేది. ఆ పశ్చాత్తాపం నాది.

మరొక సంగతి. ఫోము పరుపులు వచ్చాక మన వృత్తి తగ్గిపోతున్నది, ఇంకెన్నాళ్లు ఉంటుంది, దీనికి ఇంత శ్రమ ఎందుకు అని కొందరు అన్నారు. వృత్తి తగ్గవచ్చు. కాని ఇప్పుడు ఆ షెడ్లలో ఉన్న మనుషులు ఉన్నారు కదా. వాళ్ల ఊపిరి వాళ్లకు కావాలి. జమ్మికుంట, ఆదిలాబాదు మార్కెట్లలో పత్తి ఎత్తి దించే హమాలీలు, జిన్నింగు మిల్లుల్లో కూలికి పోయే ఆడవాళ్లు, వీళ్లలో మన వాళ్లెందరో. దుమ్ము అందరికీ ఒక్కటే.

అందుకని సంఘానికి మూడు మనవులు చేస్తున్నాను. ఒకటి, ఏటా పత్తి సీజను మొదలయ్యే అక్టోబరులో దూది మిషను, జిన్నింగు పని చేసే వాళ్లకు ఊపిరి పరీక్ష శిబిరం పెట్టించండి. ఊదే సాధనం పెద్ద ఖర్చుది కాదు. సంఘం రెండు కొని పెట్టుకుంటే చాలు. ఎవరికి వారు రెండు వారాలు తీసుకుపోయి రాసుకు రావచ్చు. రెండు, మన కుట్టు శిక్షణ తరగతుల్లో జాకెట్టు, షల్వారుతో పాటు ఈ పైజామా కూడా ఒక పాఠంగా నేర్పించండి. నేర్చుకున్న పిల్లలు షెడ్లకు కుట్టి ఇస్తే వాళ్లకు నాలుగు పైసలు, షెడ్డులో వాళ్లకు ఊపిరి. కత్తిరింపు కాగితాలు నేను ఉచితంగా ఇస్తాను.

మూడోది డబ్బుతో పని లేనిది. సెలవు మరునాడు మీ ఇంట్లో ఎవరైనా ఛాతీ పట్టుకొని కూర్చుంటే నవ్వకండి. బద్ధకం అనకండి. నజర్ అని సరిపెట్టుకోకండి. ఏ వారం వస్తున్నది, ఎప్పుడు తగ్గుతున్నది అని అడిగి ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. మా మామ గారు బద్ధకస్తుడు కాదు. వారంలో ఆరు రోజులు విల్లు మోసి మా కడుపులు నింపిన మనిషి. ఆయన ప్రతి శనివారం మాకు జబ్బు పేరు చెబుతూనే ఉన్నారు. మాకు వినడం రాలేదు. అల్లాహ్ ఆయన్ను మన్నించి జన్నత్‌లో చోటివ్వాలని మీరందరూ దువా చేయండి.

మన ప్రవక్త (స) తన చిరిగిన బట్టలు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. సూది చిన్న పని అని ఎవరైనా అంటే మీరు ఆ మాట గుర్తు చేయండి.

కత్తిరింపు కాగితాలు, ఒక పాత కాలు, మియానీ వేసిన ముక్క బయట బల్ల మీద పెట్టించాను. భోజనాల తర్వాత అక్కడే ఉంటాను. టేపు తెచ్చుకున్నవాళ్లు కొలత తీసుకోవచ్చు, తేనివాళ్లకు నా దగ్గర ఉంది.